నాలుక కింది మాత్రకు నూరేళ్ల చరిత్ర

మాఘం వచ్చేసరికి ఉద్దానంలో జీడితోటలు, విజయనగరం వైపు మామిడితోటలు పూత మీదుంటాయి. ఆ రోజుల్లోనే పొద్దున లేస్తూనే వరసపెట్టి తుమ్మేవాళ్లు, కళ్లు నులుముకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. నేరమంతా మామిడి పూత మీద మోపుతాం గానీ, ఆ పుప్పొడి జిగురుగా ఉండి ఎక్కువగా ఈగల మీదే ప్రయాణిస్తుంది. గాలికి దూరం కొట్టుకుపోయేది గడ్డిజాతుల పుప్పొడి.

ఆ సంగతి పట్టుకున్నవాడు మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఈ తుమ్ముల జబ్బే. గాలిపటాలకు జిగురు పూసిన గాజుపలకలు కట్టి ఎగరేసి, అంత ఎత్తునా పుప్పొడి ఉందని చూపించాడు. తన చర్మాన్నే గీరి, దాని మీద పుప్పొడి అద్ది, దద్దు లేవడం గమనించాడు. 1873లో పుస్తకం వేశాడు. నేటి అలర్జీ చర్మ పరీక్షకు మూలం ఆ గీరి చూసిన పద్ధతే.

1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ ఇంకో అడుగు వేశాడు. తిమోతీ గడ్డి పుప్పొడి సారాన్ని రోగులకు మొదట అతి కొద్దిగా, తర్వాత కాస్త కాస్త పెంచుతూ సూదిమందుగా ఇచ్చాడు. పడని వస్తువునే ఒంటికి అలవాటు చేయడమన్నమాట. రెండేళ్లకే ఆయన క్షయతో పోయాడు. సహచరుడు జాన్ ఫ్రీమన్ పని కొనసాగించాడు. ఆ తిమోతీ గడ్డే 95 ఏళ్ల తర్వాత, 2006లో, ఐరోపాలో గ్రాజాక్స్ మాత్రగా వచ్చింది. అమెరికా 2014లో గడ్డి పుప్పొడి మాత్రలకు అనుమతిచ్చింది. మాత్రను నాలుక కింద పెట్టుకుంటే క్షణాల్లో కరుగుతుంది. మొదటి మాత్ర మాత్రం డాక్టరు ఎదుటే వేసుకుని అరగంట కూర్చోవాలి. మూడేళ్లు విడవకుండా వాడాలి. నోరు దురద పెట్టడం మామూలే. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు ఇవ్వరు.

మరి కందిరీగ, తేనెటీగ కుడితే? ఆ కథ వేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో తేనెపట్టు తీసే సవరలకు, జాతాపులకు ఈగ కుట్టడం కొత్త కాదు. చాలామందికి వాపు, నొప్పితో సరి. కొందరికి మాత్రం ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. 1930 నుంచి దీనికి ఈగ మొత్తాన్ని నూరి తీసిన సారం ఇచ్చేవారు. పనిచేస్తుందనే అందరూ నమ్మారు. 1978లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు కావాలని ఈగలతో కుట్టించి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 12 మందిలో 7గురికి, ఈగ సారం తీసుకున్న 11 మందిలోనూ 7గురికి ఒళ్లంతా ప్రభావం కనిపించింది. అచ్చమైన విషం సూదిమందుగా తీసుకున్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. దాదాపు యాభై ఏళ్లు వాడిన మందు వట్టిదని ఒక్క పరీక్ష తేల్చేసింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

ఈగ విషాన్నీ నాలుక కింద ఇచ్చి చూశారు. 2008లో ఇటలీ వైద్యుల పరీక్షలో, కుట్టినచోట వచ్చే పెద్ద వాపు తగ్గింది. ప్రాణాపాయం నుంచి కాపాడుతుందనడానికి అది చాలదు. అందుకే అలాంటి మాత్ర ఇంకా వాడుకలోకి రాలేదు. పైన చెప్పిన పుప్పొడి మాత్రలూ చలిదేశాల గడ్డితో చేసినవే. మన గరిక వంశం వేరు, వాటి రక్షణ దీనికి పెద్దగా అందదు. మన పొలంగట్ల మీది గరిక, వయ్యారిభామ పుప్పొడితో ఇక్కడే పరీక్షలు జరగాలి, మందు ఇక్కడే తయారుకావాలి.

అంతదాకా ఒక్కటి గుర్తుంచుకోండి. కుట్టిన తర్వాత ఆయాసం, గొంతు బిగుతు, కళ్లు తిరగడం కనిపిస్తే సున్నం, ఉల్లిపాయ రాస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తండి. తొడ కండకు వేసే అడ్రినలిన్ సూదే ఆ ఘడియలో ప్రాణం నిలిపే మందు.