రాష్ట్రాల సర్వేలు: అమెరికా అధ్యక్ష ఎన్నిక

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుని నిర్ణయించునది దేశమంతటి ఓట్ల మొత్తము కాదు. ఒక్కొక్క రాష్ట్రమునకు ఇన్నియని ఎలక్టోరల్ ఓట్లు కలవు. మేను, నెబ్రాస్కాలు దక్క తక్కిన రాష్ట్రములన్నిటను ఆధిక్యము పొందినవారికే అచటి ఓట్లన్నియు చెందును. 538లో 270 వచ్చినవారు అధ్యక్షులగుదురు. కావున దేశపు నాడిని కాక రాష్ట్రముల నాడులను వేరువేరుగ పట్టి చూడవలెనను తలంపు సహజముగనే కలిగినది. ఆ నాడీపరీక్ష యెంతవరకు నమ్మదగినదను వివాదము మాత్రము నేటికిని తీరలేదు.

1824లో డెలావేరు రాష్ట్రపు విల్మింగ్టనులో జనాభిప్రాయ మడుగగా ఆండ్రూ జాక్సనునకు 335, జాన్ క్విన్సీ ఆడమ్సునకు 169 మంది అనుకూలురని తేలినట్లు హారిస్‌బర్గు పత్రిక యొకటి ప్రకటించెను. ఆ యేట జాక్సనునకే ఎక్కువ ఓట్లు వచ్చినను, ఎవ్వరికిని పూర్ణాధిక్యము లేమిచే ప్రతినిధుల సభ ఆడమ్సునే ఎన్నుకొనెను. తొలి లెక్కయే జనుల మాట చెప్పి ఫలితము చెప్పలేకపోయిన దన్నమాట!

అప్పట్లో సెప్టెంబరులోనే రాష్ట్ర ఎన్నికలు జరుపుకొనుచుండిన మేను ఎటు మొగ్గిన దేశమటే మొగ్గునను నానుడి చిరకాలము చెలామణి యయ్యెను. 1936లో రూజ్వెల్టునకు ఎదురు నిలిచిన లాండనువైపు మేనుతో కూడి మొగ్గినది వెర్మాంటు మాత్రమే. తక్కిన 46 రాష్ట్రములును రూజ్వెల్టువి. ఆ యేడే లిటరరీ డైజెస్టు పత్రిక టెలిఫోను పట్టికలనుండియు, కారు యజమానుల జాబితాలనుండియు పేర్లెత్తి కోటి కార్డులు పంపి, తిరిగివచ్చిన యిరువది మూడు లక్షలకు పైబడిన జవాబులనుబట్టి లాండను గెలుచునని చాటి నవ్వులపాలైనది. మాంద్యపు దినములలో టెలిఫోను గల యిల్లెవరిదో ఆలోచించిన పాపాన పోలేదు.

2008లో రాష్ట్ర సర్వేలను సమకూర్చి తూకమిచ్చి లెక్కగట్టిన నేట్ సిల్వరు 49 రాష్ట్రములను, 2012లో ఏబదింటిని సరిగా సూచింపగా, ఈ శాస్త్రము పండినదని పలువురు మురిసిరి. 2016లో ఆ మురిపెము తీరినది. విస్కాన్సినులో మార్క్వెట్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల తుది సర్వే హిల్లరీ క్లింటనునకు ఆరు శాతము ఆధిక్యము చూపగా, ట్రంపు 22,748 ఓట్లతో గెలిచెను. దేశవ్యాప్త సర్వేలు సత్యమునకు దాపుననే యుండగా రాష్ట్ర సర్వేలేల తప్పినవని విచారించిన నిపుణులు, కడపటి దినములలో మనసు నిర్ణయించుకొన్నవారు ట్రంపువైపు మొగ్గుటయు, పట్టభద్రులే యెక్కువగా జవాబిచ్చుచుండగా పెక్కు సంస్థలు విద్యనుబట్టి లెక్క సవరింపకపోవుటయు ముఖ్యకారణములని తేల్చిరి. అయినను 2020లో అదే విస్కాన్సినున ఒక సర్వే బైడెనునకు 17 శాతము ఆధిక్యమీయగా, నిజముగ ఒక్క శాతమైనను రాలేదు. ఎనిమిదివందల మందిని అడిగినచో మూడు నాలుగు శాతము అటునిటు కావచ్చుననుట గణితశాస్త్రము ఒప్పుకొన్న మాటయే. చిక్కంతయు పొరుగు రాష్ట్రముల తప్పులన్నియు కూడబలుకుకొన్నట్లు ఒకేవైపు పోవుటలో నున్నది.

అయోవాలో ఆన్ సెల్జరు నిర్వహించిన సర్వేకు 2016, 2020లలో ఫలితమునకు చేరువగా వచ్చిన మంచిపేరుండెను. 2024 ఎన్నికకు మూడు దినముల ముందు ఆ సర్వే హారిసునకు 47, ట్రంపునకు 44 శాతమని చెప్పినది. ట్రంపు 13 శాతము ఆధిక్యముతో గెలిచెను. గతమున ఎవరికి ఓటు వేసితిరని అడిగి, దానినిబట్టి లెక్క దిద్దుట ఆమె పద్ధతి కాదు. అట్లు దిద్దుకొన్న సంస్థలు పెక్కు ఆ యేట ఫలితమునకు దగ్గరగా వచ్చినవి. కాని ఆ దిద్దుబాటుతో వచ్చిన లెక్క నేటి ఓటరు మనసును కొలుచుచున్నదా, నాలుగేండ్లనాటి ఫలితమునే తిరిగి వల్లించుచున్నదా యని పరిశోధకులు ఇప్పుడు తర్కించుచున్నారు.