గాజుతొట్టిలోని చెరువు: వెలుతురు, అడుగుమన్ను

కీసర, ఉప్పల్, నాచారము ప్రాంతములలో నేడు అనేక గృహములందు చేపల గాజుతొట్టి కనబడుచున్నది. అందులో కొన్ని రంగుచేపలు, రెండు మూడు నీటిమొక్కలు. చేపలు ఎట్లో బ్రదుకును. మొక్కలు మాత్రము నెల తిరుగకముందే పసుపువారి, ఆకులు కుళ్ళి కరగిపోవును. అద్దముల నిండ పచ్చని పాకుడు మిగులును. వెలుతురు చాలలేదని ఒకరు మరియొక దీపము తగిలింతురు. మన్నులో బలము లేదని వేరొకరు ఎరువు చల్లుదురు. పాకుడు మరింత పెరుగును. ఈ చిక్కు క్రొత్తది కాదు. మొక్కలు పెంచెడి గాజుతొట్టికి సుమారు నూటడెబ్బదియైదు సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్ర యంతయు ఒక్క ప్రశ్న చుట్టు తిరిగినది: ఎంత వెలుతురునకు ఎంత మన్ను తూగును?

వెలుతురు మాట మొదట తెలిసినది. డచ్చి వైద్యుడగు జాన్ ఇంగెన్‌హౌజ్ 1779లో ఇంగ్లండునందు పచ్చని ఆకులను నీట ముంచి పరీక్షించెను. ఎండలో ఆకులనుండి బుడగలు వెడలినవి, చీకటిలో ఆగిపోయినవి. ఆ బుడగలలోనిది ప్రాణవాయువు. దానిని పుట్టించుటకు ఎండ వేడిమి గాక వెలుతురే కారణమని ఆయన తేల్చెను. నీటిమొక్కకు దీపమేల యను ప్రశ్నకు నేటికిని ఇదియే సమాధానము.

మన్ను మాట తరువాత వచ్చినది. లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో సుమారు పండ్రెండు గ్యాలనుల గాజుపాత్రలో రెండు బంగారు చేపలను విడిచెను. అడుగున ఇసుకయు బురదయు పరచి, వాలిస్నేరియా యను రిబ్బనాకుల మొక్కను నాటి, వేళ్ళు కదలకుండ రాయి నుంచెను. కొంతకాలము బాగుగ నడచినది. పిమ్మట ముదిరిన ఆకులు కుళ్ళి నీరు చెడిపోవజొచ్చెను. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్ళును తినివేసినవి. నీరు మరల తేటపడినది. చేప విడుచు బొగ్గుపులుసు వాయువు మొక్కకును, మొక్క విడుచు ప్రాణవాయువు చేపకును అక్కరకు వచ్చుననియు, ఈ ఇచ్చిపుచ్చుకొనుట సరితూగినచో నీరు చిరకాలము నిర్మలముగ నుండుననియు 1850లో ఆయన లోకమునకు చాటెను. ప్రక్కలనుండి చొరబడు వెలుతురు పాకుడును పెంచునని గ్రహించి, చెరువునందువలె పైనుండి మాత్రమే వెలుతురు పడునట్లు తొట్టిని మలచుకొనినవాడును ఆయనయే. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరచిరి. మరుసటి యేడు ఫిలిప్ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుని గ్రంథముతో ‘అక్వేరియము’ అను పేరు వాడుకకెక్కెను.

అన్ని వెలుతురులును మొక్కకు ఒక్కటి కావు. జర్మను శాస్త్రజ్ఞుడు ఏంగెల్మన్ 1882లో సన్నని నీటిపాచి పోగుపై ఇంద్రధనుస్సు వన్నెలను ప్రసరింపజేసెను. ఎఱుపు, నీలము పడినచోట ప్రాణవాయువు మెండుగ పుట్టినది. ఆకుపచ్చ పడినచోట తక్కువ. ఈ విచారణను మన దేశమున ముందుకు నడపినవారు జగదీశ చంద్ర బోసు. ఆయన పెక్కు పరీక్షలకు ఎన్నుకొనినది హైడ్రిల్లా. అనగా మన చెరువులలో నాచు అని పిలుచుకొను మొక్కలలో నొకటి. అది విడుచు ప్రాణవాయువును దానియంతట నదియే నమోదు చేయు యంత్రమును నిర్మించి, తాను కనుగొన్న విశేషములను 1924లో గ్రంథముగ వెలువరించెను. చెరువుగట్టున మనము కాలితో తొలగించు నాచు ప్రపంచ విజ్ఞానమునకు పాఠము చెప్పినదన్నమాట.

దీపముల చరిత్రయు ఇందులోనే ఇమిడియున్నది. తొలినాటి తొట్లకు కిటికీయే దిక్కు. పిదప వచ్చిన తీగదీపము తాను త్రాగు విద్యుత్తులో పదవవంతునైనను వెలుతురుగ మార్చలేదు. మిగిలినదంతయు వేడియై నీటిని కాచును. 1938లో గొట్టపు దీపములు అంగళ్ళకు వచ్చిన తరువాతనే గదిలోపల మొక్కలు పెంచుట సులువైనది. జపాను శాస్త్రజ్ఞుల కృషిచే 1990 దశకములో ప్రకాశవంతమైన నీలపు ఎల్‌ఇడి సిద్ధింపగా తెల్లని ఎల్‌ఇడి సాధ్యమయ్యెను; ఆ నీలపు దీపమునకు 2014లో నోబెల్ బహుమానము లభించెను. అదే జపానులో, అదే దశకములో తకాషి అమానో అను ఛాయాచిత్రకారుడు రాళ్ళు, మొద్దులు, మొక్కలతో తొట్టిలో కొండకోనలను దిద్ది, ఈ విద్యను కళగ తీర్చెను. ఇట్లు పూర్వము వెలుతురు చాలక మొక్క చచ్చుచుండగా, నేడు వెలుతురు మితిమీరి పాకుడు పుట్టుచున్నది.

కావున దీపము నెన్నుకొనునప్పుడు దాని గొప్పను గాక తొట్టి లోతును, మొక్క జాతిని చూడవలెను. ఒకటిన్నర అడుగుల లోతు తొట్టిలో నీరు హరించు వెలుతురు స్వల్పము. దీపము ఎత్తుకు పోయినకొలది కలుగు నష్టమే హెచ్చు. తెల్లని ఎల్‌ఇడి సామాన్యముగ చాలును. ఎఱుపు, నీలము మాత్రమే వెదజల్లు దీపము క్రింద మొక్క పెరుగును గాని కంటికి ఇంపుగ నుండదు. హైదరాబాదు ప్రాంతమున పగలు శీతకాలమందు పదకొండు, వేసవియందు పదమూడు గంటల వరకు నుండును. క్రొత్త తొట్టికి అంత అక్కర లేదు. ఆరు గంటలతో మొదలిడి, మొక్కలు నిలద్రొక్కుకొనిన పిమ్మట ఎనిమిదికి పెంచుట మేలు. ప్రతిదినము ఒకే వేళకు వెలిగించి ఒకే వేళకు ఆర్పవలెను. కిటికీ యెండ సూటిగ పడరాదు.

ఇక అడుగుమన్ను. ఇందుకు కీసరకంటె మంచి పాఠశాల లేదు. కీసరగుట్ట రాతిగుండుపై ‘తొలుచువాండ్రు’ అను పదము ప్రాచీన లిపిలో చెక్కబడియున్నది. అది విష్ణుకుండినుల కాలపుదనియు, సుమారు అయిదవ శతాబ్దికి చెందినదనియు పండితులు చెప్పుదురు. రాతిని తొలుచువారు తమ పేరును రాతిపైననే నిలిపిరి. వారు తొలిచిన గ్రానైటు రాయిని ఎండవానలును తొలుచుచునే యున్నవి. రాయి పిగిలి మొరమగును. మొరము చెలక నేలయగును. చెలకలోని మెత్తని మన్ను వానతో కొట్టుకొనిపోయి చెరువులో ఒండ్రుగ దిగును. గుట్టనుండి చెరువు వరకు నడచిన యీ రాతి ప్రయాణమే మన తొట్టి అడుగు.

గ్రానైటు రవ్వ నీటిలో కరగదు. నీటి గుణమును మార్చదు. రెండు మూడు మిల్లీమీటర్ల రవ్వ వేళ్ళు పట్టుటకు అనువైనది. కంకర మిల్లుల రాతిపొడిని కడుగక వేసినచో నీరు మడ్డియగును. షాబాదు, తాండూరు బండల ముక్కలు అందముగ నుండును గాని అవి సున్నపురాళ్ళు. నత్తగుల్లలు కలిసిన ఇసుకయు అట్టిదే. అసలే కఠినమైన మన బోరునీటిని అవి మరింత కఠినము చేయును. అనుమానము కలిగిన రాతిపై వెనిగర్ చుక్క వేసి చూచునది. నురుగు వచ్చినచో సున్నము కలదని యర్థము.

అయితే రవ్వ వేళ్ళకు పట్టునిచ్చును గాని ఆహార మీయదు. ఆహారము ఒండ్రులో నున్నది. వేసవిలో చెరువు పూడికను పొలములకు తోలుకొనుట తెలంగాణ రైతునకు తరతరముల అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోను పూడికను పొలములకు తరలించిరి. మెత్తని మన్ను నత్రజని, పొటాషియముల లవణములను పట్టియుంచి వేళ్ళకు కొద్దికొద్దిగ నిచ్చును. చెలక నేల ఎఱ్ఱదనము ఇనుపతుప్పుదే. గాలియాడని బురదలో ఆ ఇనుము కరగి మొక్కకు అందును. ఈ రహస్యమును ఆధారముగ గొని అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో ఒక గ్రంథమును వ్రాసి, సామాన్యమైన తోటమన్నుతో తొట్టిని నడుపు పద్ధతిని ప్రచారము చేసెను. అంగుళము లేక ఒకటిన్నర అంగుళము మన్ను. దానిపై అంగుళము రవ్వ. మన్ను ఎరువు కలియనిదై యుండవలెను. నానబెట్టి, ఆరబెట్టి, జల్లించి వాడుట మంచిది. అంతకంటె మందముగ పరచినచో లోపల గాలి చొరక కుళ్ళిన గ్రుడ్డు వాసనతో విషవాయువు పుట్టును.

మొక్క నెరిగి మన్ను పరచవలెను. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ వంటివి వేళ్ళతో భుజించును. వానికి ఒండ్రు కావలెను. క్రిప్టోకొరైన్ మందపు వెలుతురునందును బ్రదుకును. హైడ్రిల్లా ఆకులతోనే నీటినుండి ఆహారమును తీసికొనగలదు. ఉట్టి రవ్వ చాలును. కఠినజలములోని బైకార్బనేటునుండియు బొగ్గును గ్రహింపగల శక్తి హైడ్రిల్లా, వాలిస్నేరియాలకు కలదు. కావున మన నీటికి ఇవి తగిన మొక్కలు. వెలుతురు పెంచినచో మన్ను బలమును, బొగ్గుపులుసు వాయువును కూడ పెంచవలెను. పెంచలేనిచో వెలుతురును తగ్గించుటయే వివేకము. మొక్క తినలేక మిగిల్చిన వెలుతురును, ఆహారమును పాకుడు తినును.

ఈ సూత్రము గాజుతొట్టితో ముగియదు. ఉప్పల్ నల్లచెరువున, నాచారము చెరువున గుర్రపుడెక్క కమ్ముకొనినప్పుడు మనము ముక్కు మూసికొని నడచితిమి. అక్కడ జరిగినదేమి? ఆకాశమునుండి అపారమైన వెలుతురు, మురుగునుండి మితిమీరిన ఆహారము. మన తొట్టిలో పాకుడు ఎట్లు పుట్టినదో అచట గుర్రపుడెక్క అట్లే పెరిగినది. దక్షిణ అమెరికాకు చెందిన ఆ మొక్కయు పూల అందమునకై దేశాంతరమునుండి తేబడినదే. మన నాచు అపరాధము లేనిది కాదు: 1950 దశకములో అక్వేరియపు వ్యాపారముతో ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా అచటి కాలువలను పూడ్చివేసినది. అందుచేత తొట్టిలో అక్కరలేని మొక్కను ఎండబెట్టి పారవేయవలెను గాని చెరువులో విడువరాదు. పెరిగిపోయిన సక్కర్ చేపను కూడ విడువరాదు. మురుగు చేరిన చెరువు మన్నును తొట్టికి తేరాదు.

ఒకనాడు పిల్లలకు నాచును, నత్తను, బుడగను చూపవలెనన్న చెరువుగట్టుకు తీసికొనిపోయెడివారము. నేడు అనేక గృహములందు ఆ పని గాజుతొట్టి చేయుచున్నది. దాని ముందు కూర్చున్న బాలుడు, దీపము వెలిగిన కొంతసేపటికి ఆకు అంచున మొలచు వెండి బుడగను చూచి కారణ మడుగును. చెప్పుదము. చెప్పిన పిమ్మట, మన చెరువునందు అట్టి బుడగ యేల కనబడదని అతడే మరల అడుగును. ఆ రెండవ ప్రశ్నకు కూడ మనము సమాధానము సిద్ధపరచుకొనవలసి యున్నది.