అంతియొకయలో భోజనాల దగ్గర

క్రైస్తవుల్లో తొలి పెద్ద తగాదా భోజనాల దగ్గర వచ్చింది. ఊరు అంతియొకయ. ఒరొంటెస్ నది ఒడ్డున ఉన్న ఆ పట్నాన్ని రోమా సామ్రాజ్యంలో రోమ్, అలెగ్జాండ్రియాల తర్వాత చెప్పుకునేవారు. ఇప్పుడది తుర్కియేలోని అంతాక్యా. శిష్యులకు క్రైస్తవులనే పేరు వచ్చింది అక్కడే. కుప్ర, కురేనేల నుంచి వచ్చిన విశ్వాసులు యూదులతో ఆగకుండా గ్రీకువాళ్లకూ సువార్త చెప్పారు, వాళ్లూ చేరారు. సంగతి చూసి రమ్మని యెరూషలేము సంఘం బర్నబాను పంపితే, ఆయన తార్సు వెళ్లి పౌలును వెంటబెట్టుకొచ్చాడు.

చేరినవాళ్లంతా కలిసి తినేవారు. రొట్టె విరిచి, గిన్నె పంచుకోవడం ఆనాడు కడుపు నిండే భోజనంలో భాగం. మన తెలుగు సంఘాల్లో పండుగ ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమ విందు ఆ వరుసలోదే. చిక్కేమిటంటే, సున్నతి లేనివాడి ఇంట కూర్చుని తినడానికి నిష్ఠగల యూదుడికి మనసొప్పదు. ఆ మాంసం విగ్రహానికి పెట్టిందేమో, రక్తం పూర్తిగా కార్చారో లేదో!

ఇదంతా చాదస్తమని తీసిపారేయడం నాకు నచ్చదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఇదే అంతియొకయ రాజధానిగా ఏలిన అంతియొకస్ ఎపిఫానెస్, బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపించాడనీ, పంది మాంసం తిననన్నవాళ్లను హింసించాడనీ మక్కబీయుల గ్రంథాలు చెబుతాయి. అలా ప్రాణాలిచ్చి నిలుపుకొన్న ఆచారాన్ని ఎవరో కొత్తవాళ్ల కోసం వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

క్రీ.శ. 49 ప్రాంతంలో పంచాయితీ యెరూషలేముకు చేరింది. అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్లకు, సున్నతి చేయాల్సిందేనని పరిసయ్యుల్లోంచి వచ్చిన విశ్వాసులు పట్టుబట్టారు. పౌలు సున్నతి లేని తీతును వెంటబెట్టుకునే వెళ్లాడు. రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట తన కళ్లెదుట జరిగింది పేతురు గుర్తుచేశాడు: సున్నతి లేకుండానే ఆ ఇంటివాళ్ల మీద పరిశుద్ధాత్మ దిగింది కదా, మనం అడ్డు చెప్పేదేమిటని. చివరికి యేసు సహోదరుడు యాకోబు తీర్పు చెప్పాడు. సున్నతి అక్కర్లేదు, విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మాత్రం మానాలి.

కాగితం మీద తేలింది కానీ భోజనాల దగ్గర తేలలేదు. కొన్నాళ్లకు పేతురు అంతియొకయ వచ్చి అందరితో కలిసి తిన్నాడు. యాకోబు దగ్గర్నుంచి మనుషులు దిగగానే మెల్లగా పక్కకు జరిగాడు. మిగతా యూదులూ జరిగారు, ఆఖరికి బర్నబా కూడా. కలిసి తినకపోతే ప్రభువు బల్ల రెండవుతుంది. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. ఇది మనకు తెలిసింది పౌలు గలతీయులకు రాసిన పత్రికలోనే. అందులో పేతురు జవాబు లేదు. గెలిచి ఉంటే పౌలు ఆ మాట రాయకుండా ఉండేవాడా అనిపిస్తుంది.

అదే పత్రికలో ముందుకెళ్తే, ధర్మశాస్త్రమంతా పొరుగువాణ్ణి ప్రేమించమనే ఒక్క ఆజ్ఞలో నెరవేరుతుందంటాడు. ఆ ఆజ్ఞ లేవీయకాండంలోది. పాత నిబంధనలో ప్రేమ లేదనేవాళ్లు ఇది మర్చిపోతారు.

ఆ ఆజ్ఞకు అసలు పరీక్ష కొరింథు సంఘంలో వచ్చింది. విగ్రహం ఒట్టిదేనని తెలిసినవాళ్లు గుడి మాంసం ధైర్యంగా తింటున్నారు. చూసిన బలహీనులు తడబడుతున్నారు. నువ్వు తినడం తప్పు కాదు, కానీ దానివల్ల నా సహోదరుడు పడిపోతే నేనైతే మాంసమే మానేస్తానన్నాడు పౌలు. అదే సంఘంలో ప్రభువు భోజనానికి వచ్చిన కలిగినవాళ్లు తమ తిండి తాము తినేస్తే, లేనివాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు, ఒకడైతే తాగి తూలుతున్నాడు. ఇప్పుడు పెళ్లిళ్లలో చదివే ప్రేమ అధ్యాయం, మొదటి కొరింథీ 13, ఈ జనానికి రాసిందే. సున్నతి గొడవ లేకపోయినా పంక్తిలో ఎక్కువ తక్కువలు ఎక్కడికీ పోలేదని ఆయనకు తెలిసొచ్చింది.

అప్పటికే ఆయన మాసిదోనియ, అకయ సంఘాల్లో చందా పోగుచేస్తున్నాడు, యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం. తనను అనుమానంగా చూసే ఊరికే ఆ డబ్బు. వాళ్లు తీసుకుంటారో లేదోనని రోమీయులకు రాసిన పత్రికలో భయపడ్డాడు కూడా. క్రీ.శ. 57 ప్రాంతంలో స్వయంగా పట్టుకెళ్లాడు. నువ్వు ధర్మశాస్త్రాన్ని కాలదన్నావని ఇక్కడ అనుకుంటున్నారు, మొక్కుబడి ఉన్న ఈ నలుగురి ఖర్చు పెట్టుకుని వాళ్లతో పాటు నువ్వూ శుద్ధి చేసుకో అన్నారు పెద్దలు. సున్నతి అక్కర్లేదని అంత పోట్లాడినవాడు కిమ్మనకుండా ఒప్పుకున్నాడు. యెరూషలేము మందిరంలో అన్యులు దాటకూడని అడ్డగోడ ఉండేది. దాటినవాడి చావుకు వాడే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి ఒకటి 1871లో దొరికింది. అన్యుడు, ఎఫెసువాడైన త్రోఫిమును పౌలు ఆ గోడ దాటించాడని పుకారు పుట్టింది. జనం పౌలును మందిరంలోంచి ఈడ్చుకొచ్చి కొడుతుంటే రోమా సైనికులు వచ్చి సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. ఆ తర్వాత రెండేళ్లు కైసరయలో చెరలోనే ఉన్నాడు.