రొమ్ములో గడ్డ తగిలితే.. ఎలమంచిలి నుంచి ఎక్కడికి వెళ్లాలి?

అక్టోబర్ వస్తే గులాబీ రిబ్బన్లు, ర్యాలీలతో రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం గడిచిపోతుంది. కానీ చేతికి గడ్డ తగిలిన రోజున ముందు కావాల్సింది ఎక్కడికి వెళ్లాలన్న సమాచారం. గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలు ఈ క్యాన్సర్ బారిన పడ్డారు. 98 వేల మందికి పైగా చనిపోయారు. ఇక్కడ చాలామంది వ్యాధి ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు.

ఏ మార్పులు గమనించాలి?

* రొమ్ములో లేదా చంకలో గడ్డ. నొప్పి లేదని వదిలేయకండి, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.
* చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం.
* చనుమొన లోపలికి లాగినట్టు కావడం, రక్తం లేదా స్రావం రావడం.

చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయితే ఆ సంగతి చెప్పాల్సింది డాక్టరే.

మొదటి పరీక్ష ఎక్కడ?

జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది రొమ్ము పరీక్ష చేయాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. మీ వీధి ఆశా కార్యకర్తను లేదా ఏఎన్‌ఎంను అడగండి. లక్షణం కనిపిస్తే మాత్రం వయసుతో, గడువుతో పనిలేదు. వెంటనే స్థానిక ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్‌కు చూపించి రిఫరల్ చీటీ రాయించుకోండి.

ఆ తర్వాత?

జాతీయ రహదారిపై అనకాపల్లి దాటాక, గాజువాక రాకముందే అగనంపూడి వస్తుంది. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. విశాఖ కేజీహెచ్‌కూ వెళ్లొచ్చు. మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్ తీసి, అనుమానం ఉంటే సూదితో బయాప్సీ చేస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు. బయాప్సీ లేకుండా చికిత్స ఖరారు కాదు.

ఖర్చు మాటేమిటి?

అర్హులైన కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్యసేవ కింద నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్స అందుతుంది. ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లి ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి. నిర్ధారణ పరీక్షల్లో ఏవి పథకంలోకి వస్తాయో అప్పుడే అడగండి. సమాచారానికి 104కు ఫోన్ చేయొచ్చు.

చేత్తో చేసే పరీక్షతో లాభముందా?

ఉంది. టాటా మెమోరియల్ 1998లో ముంబైలో 1.5 లక్షల మందికి పైగా మహిళలతో అధ్యయనం ప్రారంభించింది. సగం మందికి రెండేళ్లకోసారి శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు చేత్తో పరీక్ష చేశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో క్యాన్సర్ ముందు దశలోనే బయటపడింది. 50 ఏళ్లు, ఆపై వయసువారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో మరణాల తగ్గుదల కనిపించలేదు.

ఇలాంటి పరిశోధనలు సాధ్యమయ్యేది పాల్గొనేవారి వల్లే. ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగితే సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివించుకుని నిర్ణయించుకోండి. వద్దన్నా మామూలు చికిత్స ఆగకూడదు, అది మీ హక్కు.

ఇంట్లో అమ్మ, అత్త, అక్క ఎవరైనా ‘పండగయ్యాక చూద్దాంలే’ అంటే ఆగకండి. ఈ వారమే తోడు వెళ్లండి.