1907 ఒడంబడిక: పర్షియా స్వాతంత్ర్యం

1907 ఆగస్టు 31న సెయింట్ పీటర్స్‌బర్గులో బ్రిటన్, రష్యాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం పర్షియా ఉత్తర భాగం రష్యా ప్రాబల్యానికి, ఆగ్నేయ భాగం బ్రిటన్ ప్రాబల్యానికి లోబడ్డాయి. నడుమ ఉన్నది తటస్థ మండలమైంది. పర్షియా స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని పీఠికలో రాసుకొన్నారు. కాని పర్షియాను సంప్రదించనే లేదు.

ఆసియాలో దీర్ఘకాలం పోటీపడిన ఈ రెండు సామ్రాజ్యాలను కలిపినది మైత్రి కాదు. 1905లో జపాను చేతిలో ఓడిన రష్యా డస్సిపోయి ఉన్నది. పెరుగుతున్న జర్మనీ నౌకాబలం బ్రిటన్‌ను కలవరపెట్టింది.

ఈ ఒడంబడికపై నిపుణుల తీర్పు ఒక్కటిగా లేదు. 1892లోనే పర్షియాపై రెండు సంపుటాల గ్రంథం ప్రచురించిన కర్జన్, బ్రిటన్ అతిగా వదులుకొన్నదని 1908లో ప్రభువుల సభలో విమర్శించాడు. కేంబ్రిడ్జి ప్రాచ్య భాషా పండితుడు ఇ.జి. బ్రౌన్ మాత్రం 1906లో రాజ్యాంగం సాధించుకొన్న ప్రజల పక్షాన నిలిచాడు. మొదటివాడు సామ్రాజ్య లాభనష్టాలు లెక్కించాడు. రెండవవాడు ఒక జాతి హక్కును చూశాడు.

తరువాతి చరిత్ర బ్రౌన్ ఆందోళనకే సాక్ష్యమిచ్చింది. ఖజానాను చక్కదిద్దడానికి 1911లో వచ్చిన అమెరికన్ మోర్గన్ షుస్టర్‌ను తొలగించాలని రష్యా తుది హెచ్చరిక పంపింది. బ్రిటన్ అడ్డుపడలేదు. మజ్లిస్ తిరస్కరించింది, డిసెంబరులో ఆ మజ్లిసే రద్దయింది. 1915 నాటి రహస్య ఒప్పందంతో తటస్థ మండలం సైతం బ్రిటన్ వాటాకు చేరింది. 1908లో చమురు బయటపడింది ఆ మండలంలోనే.

అగ్రరాజ్యాల వైరం చిన్న దేశాలకు ప్రమాదకరమే. అయితే ఆ వైరంలో వాటికి ఊపిరి పీల్చుకొనే చోటు కొంతైనా మిగులుతుంది. అగ్రరాజ్యాల రాజీ ఆ చోటును కూడా మూసివేయగలదని పర్షియా అనుభవం చెబుతున్నది.