తురుష్కభాషలో విభక్తులు - స్వామ్యప్రత్యయములు

తురుష్కభాషల పూర్వరూపమును దెలుపు ప్రాచీనలేఖనములలో మంగోలియాయందలి ఓర్ఖోన్ నదీతీరశాసనములు ముఖ్యములు. కుల్ తెగిన్ శాసనము క్రీ. శ. 732లోను, బిల్గె ఖగానుని శాసనము 735లోను వెలసినవి. వాని లిపిని 1893లో డెన్మార్కు పండితుఁడు విల్హెల్మ్ తామ్సెన్ ఛేదించెను.

ఆ భాషలో ద్వితీయకు రెండు రూపములు గలవు. కేవలనామముపై గకారాంతప్రత్యయమును, స్వామ్యప్రత్యయము చేరిన నామముపై నకారమును వచ్చును. కావున 'ఇంటిని' అనుటకును 'వాని యింటిని' అనుటకును భేదము స్పష్టముగా నుండెను. పిదప ఓగుజ్ శాఖయందు గకారము లోపించినది. తత్ఫలితముగా నేఁటి టర్కీభాషలో 'ఎవి' యను నొక్క రూపమే 'వాని యిల్లు' అనియు, 'ఇంటిని' అనియు నర్థమిచ్చును. సందర్భమే యచట నిర్ణాయకము. 'వాని యింటిని' అనుటకుఁ బూర్వము 'ఎవిన్' అని యుండఁగా నిప్పుడు 'ఎవిని' అందురు. సప్తమియం దీ సంకరము లేదు: 'ఎవ్దె' ఇంటిలో, 'ఎవిందె' వాని యింటిలో. ఇచట నడుమ నిలిచిన నకారము ప్రాచీనమే.

ప్రత్యయముల క్రమమును నియతము. 'ఎవ్-లెర్-ఇమిజ్-దె' యనఁగా 'మా యిండ్లలో'. మొదట బహువచనము, పిదప స్వామ్యము, తుద విభక్తి.

ఇట్టి ప్రత్యయసంయోజనమును గూడ నాధారముగాఁ గొని కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషలకు సిథియన్ భాషలతో బంధుత్వము నూహించెను. కాని తెలుఁగున స్వామ్యము 'మా', 'వాని' యని నామమునకు ముందే నిలుచును; తురుష్కమునఁ బ్రత్యయమై వెనుకఁ జేరును. కూర్పు పోలినంతమాత్రమునఁ గుటుంబ మేకము గాదు. ధ్వనిసూత్రములకు లోఁబడిన ప్రత్యయముల చరిత్రయే బంధుత్వమునకు సాక్ష్యము. ఆ సాక్ష్యము లభింపమి నేఁటి భాషాశాస్త్రము ద్రావిడమును వేఱు కుటుంబముగాఁ బరిగణించుచున్నది.