ఓరుగంటివారి వ్యాకరణం

కందుకూరు వెళ్లే బస్సును ఎవరూ ‘కందుకూరి బస్సు’ అనరు. వీరేశలింగంగారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘కందుకూరు వీరేశలింగం’ అంటే పంటికింద రాయిలా తగులుతుంది. ఊరు ఒకటే. చివరి ఉకారం ఒకచోట ఉకారంగానే ఉండిపోయింది, ఇంకోచోట ఇకారమైంది. తెలుగు ఇంటిపేర్ల కథలో సగం ఈ ఒక్క అచ్చులోనే ఉందని నాకనిపిస్తుంది.

‘ఇంటిపేరు’ అన్న మాటలోనే దాని కీలకం ఉంది. ఇల్లుపేరు అనలేదు, ఇంటిపేరు అన్నాం. ఇల్లు మరో మాటకు ముందు నిలబడి ‘దానికి చెందిన’ అని చెప్పాల్సి వస్తే ‘ఇంటి’ అవుతుంది. చేయి చేతి అవుతుంది, నూయి నూతి, నెయ్యి నేతి, కాలు కాలి, ఊరు ఊరి అవుతాయి. చేతి గాజులు, నూతి నీళ్లు, నేతి గారెలు, ఊరి చెరువు. బడి మొహం చూడనివాళ్లు కూడా ఇందులో పొరబడరు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ ఇ, టి, తి వర్ణాలకు ఔపవిభక్తికాలని పేరు పెట్టాడు. పేరు గంభీరంగా ఉన్నా సంగతి మనం రోజూ వంటింట్లో వాడేదే.

ఇప్పుడు ఇంటిపేర్లు చూడండి. కందుకూరు కందుకూరి, నందమూరు నందమూరి. గార్లపాడు గార్లపాటి, కొండవీడు కొండవీటి. చివర ‘ఏరు’ ఉంటే ‘ఏటి’: పసుపులేటి. అన్నిటికంటే నాకు ముచ్చటైనది ఓరుగంటి. ఇల్లు ఇంటి అయిన దారిలోనే ఓరుగల్లు ఓరుగంటి అయింది. కాకతీయుల రాజధానిని ఇవాళ మనం వరంగల్ అంటున్నాం. స్టేషన్ బోర్డు మీదా అదే, పత్రికల్లోనూ అదే. ఓరుగల్లు అన్న మాట ఉపన్యాసాల్లో, పాటల్లో మిగిలింది. దాని షష్ఠీ రూపం మాత్రం, ఆ కోట ముఖం ఎన్నడూ చూడని కుటుంబాల లెటర్‌బాక్సుల మీద, ఆధార్ కార్డుల మీద హాయిగా బతుకుతోంది.

ఊళ్ల పేర్ల విషయంలో మనం ఈ వ్యాకరణాన్ని ఎప్పుడో వదిలేశాం. గుంటూరు కారం, నెల్లూరు చేపల పులుసు, చిత్తూరు మామిడి అంటున్నాం. ఇల్లు, ఊరు, చేయి లాంటి మామూలు మాటల్లో పాత పద్ధతి నిలిచింది. ఊళ్ల పేర్లలో అది దాదాపు పోయి రెండు చోట్ల మిగిలింది. ఒకటి ‘కొండవీటి చాంతాడు’ లాంటి పలుకుబడి. రెండోది ఇంటిపేరు.

అన్నీ ఈ అచ్చులో పోసినవి కావనీ ఒప్పుకోవాలి. ఆకుల, మేకల, నక్కల, వంకాయల అన్నవి బహువచనానికి షష్ఠి. గురజాడ, పింగళి లాంటి ఊళ్లకు మారాల్సిన అవసరమే లేదు. గుర్రం అన్న ఇంటిపేరు మాత్రం మొండిగా ప్రథమలోనే ఉండిపోయింది. జాషువాగారిని ‘గుర్రపు జాషువా’ అనలేదు. గుర్రపు అంటే వెనక బండి రావాలి మరి.

ఈ షష్ఠి ఎవరికి అవసరం? కందుకూరులోనే ఉన్నవాడికి కాదు, అక్కడ అందరూ కందుకూరివారే. ఊరు వదిలి పోయినవాడికే ఊరి పేరు కావాలి. రామారావుగారు పుట్టింది నిమ్మకూరులో, ఇంటిపేరు నందమూరి. రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో, ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, కావేరి ఒడ్డున తిరువయ్యారులో జీవితం గడిపాడు. ఆయన ముందు నిలబడ్డ కాకర్ల అన్న మాట మాత్రం ప్రకాశం ప్రాంతపు పల్లె పేరు. ఇంటిపేరు నిజానికి ఉంటున్న ఇంటి పేరు కాదు, వదిలొచ్చిన ఇంటి పేరు.

అందరికీ ఆ మర్యాద దక్కలేదు. పాలకుర్తిలో తన పొలం కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆ పేరే పెట్టారు. ఆ మాటను ఆమె తలెత్తుకునేలా చేసింది, అందులో సందేహం లేదు. కానీ అదే పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతనను ఊరితో కలిపి పిలిచిన తెలుగు, ఐలమ్మను పనితో, కులంతో కలిపి పిలిచింది. కొందరిని ‘మీ ఇంటిపేరేమిటండీ’ అని అడిగే అలవాటే ఊళ్లలో లేకపోయింది.

షష్ఠితో ఇంటిపేరు చేసుకున్నది మనమొక్కరమే కాదు. రష్యా ఇవానోవ్ అంటే ‘ఇవాన్‌ది’ అని. ఇంగ్లీషు విలియమ్స్ చివరి ‘స్’ కూడా అలాంటిదే. ఐస్‌లాండ్‌లో 1980లో అధ్యక్షురాలైన విగ్దీస్ ఫిన్‌బోగదోత్తిర్ పేరులో ఫిన్‌బోగి అన్న తండ్రి పేరు ‘ఫిన్‌బోగ’ అని వంగి, వెనకే కూతురన్న మాట చేరింది. అక్కడ షష్ఠికి తోడు పేరులోనే దొరికింది. మన షష్ఠికి తోడు మనిషే. కందుకూరి ఎవరు? వీరేశలింగం. మనిషి పేరు చెప్పనప్పుడు ‘వారు’ చేర్చుకుంటాం. పెళ్లిపందిరి ముందు పూలతో రాసే ‘ఓరుగంటి వారి పెళ్లిపిలుపు’లో ఆ ‘వారు’ మర్యాదకే కాదు, వాక్యం నిలబడటానికి కూడా.

మనకు అచ్చంగా జోడీ హంగరీ. అక్కడా ఇంటిపేరే ముందు. ఊరి పేరుకు ‘ఇ’ చేరిస్తే ఆ ఊరివాడని అర్థం: సెగెద్ నుంచి సెగెది, దెబ్రెత్సెన్ నుంచి దెబ్రెత్సెని. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా కందుకూరి పక్కన సెగెది పెట్టి చదువుకుంటే సరదాగా ఉంటుంది. విటమిన్ సి మీద పరిశోధనకు 1937లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త సొంత గడ్డ మీద సెంట్ జ్యోర్జి ఆల్బెర్ట్. సెంట్ జ్యోర్జి అంటే సెయింట్ జార్జ్ పేరున్న ఊరివాడని. సరిహద్దు దాటాక ఆయన ఆల్బెర్ట్ సెంట్ జ్యోర్జి. హంగరీవాళ్లు ఇలా పేరు తిరగేసుకోవడం మామూలే. జపాన్‌వాళ్లూ చాలాకాలం అదే చేశారు. 2020 నుంచి అక్కడి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలోనూ ఇంటిపేరే ముందు వస్తోంది.

ఇవాళ అమెరికా వెళ్లే మనవాళ్లు కూడా తిరగేసుకుంటున్నారు. దరఖాస్తు అడుగుతుంది, తప్పదు. ‘రవి కందుకూరి’ అని రాశాక కందుకూరి అన్న షష్ఠి వెనక ఏమీ లేక గాలిలో వేలాడుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే, వీసా మీద సొంత పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. పేరు తెలియదని దాని భావం. ఆఫీసులో మొదటిరోజు అందరూ ఆ మూడక్షరాలతోనే పిలిస్తే ఏం చెయ్యాలో ఏ వ్యాకరణమూ చెప్పదు.

వీళ్లకంటే చాలాముందు అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పేరు తిరగెయ్యలేదు. ప్రగడ అంటే మంత్రి. ఎఱ్ఱాప్రగడలో ఉన్నదీ ఆ ప్రెగ్గడే. హార్వర్డ్‌లో ఉండగా సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ వ్యాసంలో ఆయన పేరు ముందు ‘ఎల్లాప్రగడ’ అని పూర్తిగానే ఉంది. మన అలవాటు ప్రకారం అది ఇంటిపేరు. అక్కడి పాఠకుడి అలవాటు ప్రకారం అది సొంత పేరు, వెనకున్న సుబ్బారో ఇంటిపేరు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో అది ఫిస్క్–సుబ్బారో పద్ధతిగా స్థిరపడింది. ఆ జంటలో ఫిస్క్ ఒక వంశం పేరు, సుబ్బారో భీమవరంలో పుట్టిన ఒక పిల్లవాడికి అమ్మానాన్నలు పెట్టిన పేరు. తరవాత ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన స్మారకంగా సుబ్బారోమైసెస్ అని పెట్టినప్పుడు కూడా ప్రగడ పక్కనే ఉండిపోయాడు.